కడుపు లోపొర వేసిన కేక

నేను ఎప్పుడు చేరాను, ఎంత జీతానికి చేరాను, ఎప్పుడు రిటైరయ్యాను అనేవి ఇక్కడ రాయడం లేదు. వాటితో మీకు పని లేదు. పాథాలజీ ల్యాబుల్లో టెక్నీషియన్లుగా చేరుతున్న పిల్లలు మా చంపాపేట ఇంటికి వచ్చి, అమ్మా, నీ అనుభవం ఏదన్నా చెప్పమంటారు. చెప్పడం మొదలుపెడితే మధ్యలో ఫోన్ చూసుకుంటారు. అందుకని రాస్తున్నాను. రాస్తే ఆ ఫోన్‌లోనే చదువుకుంటారు.

ముందే ఒక మాట. నేను అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని. ల్యాబుకు ఊడ్చే పనికి వచ్చాను. నా బిడ్డ బడికి పోవడం మొదలుపెట్టాక దాని పలక మీదే అఆలు దిద్దాను, తర్వాత ల్యాబు సీసాల మీది పేర్లు దిద్దాను. చదువుకున్నవాళ్ళంటే నాకు చిన్నచూపు లేదు. భయమూ లేదు. ఆలస్యంగా చదువుకోవడంలో ఉన్న లాభం అదొక్కటే.

నూకగింజంత ముక్క

కడుపులోకి గొట్టం వేసి చూసే డాక్టరు లోపలి పొర నుంచి నూకగింజంత ముక్క గిల్లి మాకు పంపిస్తాడు. దాన్ని మందునీళ్ళలో ఉంచి, మైనంలో దిమ్మెగా పోసి, ఉల్లిపొర కంటే పల్చగా కోసి, గోరువెచ్చని నీళ్ళ మీద తేలేసి, గాజుపలక మీదికి ఎత్తి, రంగు వేయాలి. ఆ గాజుపలకే స్లైడ్. మా పని అంతవరకే. దాన్ని చూసి రోగం చెప్పేది డాక్టరు.

అంతే అన్నాను గానీ అందులో ఒక మెలిక ఉంది. మైనంలో పెట్టేటప్పుడు ఆ ముక్కను నిలబెట్టాలి. పైపొర ఒక పక్కకు, అడుగు ఒక పక్కకు రావాలి. పడుకోబెట్టారనుకోండి, బహిరంగసభను మేడ మీద నుంచి ఫోటో తీసినట్టు ఉంటుంది. జనం ఎక్కువొచ్చారని తెలుస్తుంది. ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారో, ఎవరు మధ్యలో దూరారో తెలియదు. కొత్తవాళ్ళు తొందరలో పడుకోబెట్టేస్తారు. దాన్ని పట్టించుకోని డాక్టర్లూ ఉంటారు. అలాంటి డాక్టరు దగ్గర ఉద్యోగం సుఖంగా ఉంటుంది. ఏమీ నేర్చుకోకుండా ముసలివాళ్ళు కావచ్చు.

పెద్ద సారు, భ్రమరాంబ మేడం

మా ల్యాబు దిల్‌సుఖ్‌నగర్ మెయిన్‌రోడ్డు వెనక సందులో ఉండేది. కింద ఎండోస్కోపీ క్లినిక్, దాని మీద ల్యాబు, ఆ పైన కోచింగ్ సెంటర్. తెలంగాణ ఉద్యమం బాగా కాగుతున్న రోజులవి. పై అంతస్తు పిల్లలు పొద్దున లెక్కలు చేసి, సాయంత్రం రాస్తారోకో చేసేవాళ్ళు. మెట్ల మీద లెక్కలూ నినాదాలూ కలిసే దిగేవి.

క్లినిక్ యజమానిని అందరం పెద్ద సారు అనేవాళ్ళం. మా నల్గొండ మనిషే. చెయ్యి చాలా మంచిది, గొట్టం లోపలికి పోయినట్టే తెలిసేది కాదని పేషెంట్లు చెప్పేవాళ్ళు. నిర్ణయం మాత్రం గొట్టం కంటే ముందు పోయేది. తెలంగాణ అంటే ఆయనకు ప్రాణం. క్లినిక్ వదిలి దీక్ష టెంటు కింద కూర్చోలేరు కాబట్టి టెంటుకు కావలసినవి పంపేవారు. దాతల ఫ్లెక్సీలో తన ఫోటో మిగతావాళ్ళ కంటే చిన్నది కాకుండా చూసుకునేవారు.

స్లైడ్లు చూసే పాథాలజిస్టు భ్రమరాంబ మేడం. గుంటూరు వైపు ఆమె. వయసులో నాకంటే చిన్న, అయినా నన్ను గారూ అనే పిలిచేది. ఒకరోజు మా వాచ్‌మన్ ఆమె కారు నంబరు పలక మీద ఏపీ అనే అక్షరాలు కనపడకుండా టీజీ అని స్టిక్కర్ అంటించాడు. ఇది నేరం కాదా అని ఆమె అడిగింది. నేరమే మేడం, కానీ అద్దం మిగుల్తది అన్నాడు. రాష్ట్రం వచ్చేదాకా ఆమె కారు ఆ నేరంలోనే తిరిగింది.

నేను తెలంగాణ కావాలన్నదాన్నే. ర్యాలీలకు పోయాను, గొంతు పోయేదాకా అరిచాను. మర్నాడు వచ్చి ఆంధ్రా మేడం స్లైడ్లకు రంగు వేశాను. ఈ రెండూ ఒక మనిషి ఎట్లా చేస్తుందని అడిగినవాళ్ళున్నారు. వాళ్ళలో పొద్దున లేచి డ్యూటీకి పోయేవాళ్ళు ఎవరూ లేరు.

రంగు మారని పరీక్ష

సత్తయ్య సిటీ బస్సు కండక్టరు. తుర్కయంజాల్‌లో ఇల్లు. భార్య అంజమ్మ ఎల్‌బీ నగర్ రింగురోడ్డు దగ్గర జొన్నరొట్టెలు చేసి అమ్మేది. సత్తయ్య కడుపులో పుండు. మందులు వాడితే మానేది, మానేస్తే మళ్ళీ లేచేది. ఒకసారి విరేచనం తారులాగా నల్లగా పోయి, రక్తం తగ్గి, నడుస్తున్న బస్సులో టికెట్లు కొడుతూనే కూలబడ్డాడు.

పుండు ఎందుకు లేస్తోందో ప్రతివాళ్ళకూ తెలుసు. కారం ఎక్కువని అత్తగారు, డ్యూటీ టైములు బాగాలేవని డిపోవాళ్ళు, ఉద్యమం టెన్షనని అతను పోయి కూర్చునే టెంటువాళ్ళు. పెద్ద సారు కూడా ఉద్యమకారుల కడుపులు ఇట్లనే ఉంటాయని, ఏదో పతకం ఇచ్చినట్టు చెప్పారు.

ఇలాంటి పుండ్లలో చాలావాటికి మూలం ఒక సూక్ష్మజీవి. పైలోరీ అంటారు దాన్ని. చిన్నప్పుడే కడుపులోకి చేరుతుంది. చాలామందిలో ఏ గొడవా లేకుండా పడి ఉంటుంది, కొందరిలో పుండు పెడుతుంది. అది ఉందో లేదో చూడడానికి కడుపు ముక్కను పసుపుపచ్చ జిగురులో పెడతారు. సూక్ష్మజీవి ఉంటే జిగురు గులాబీ రంగుకు తిరుగుతుంది. సత్తయ్య ముక్క పెడితే పసుపుపచ్చగానే ఉండిపోయింది. సూక్ష్మజీవి లేదని పెద్ద సారు తేల్చేశారు. క్యాన్సర్ కూడా కాదని మేడం స్లైడు చూసి చెప్పింది.

సూక్ష్మజీవి ఉంటే రెండు వారాలు గోలీలు మింగితే కథ అయిపోతుంది. అది లేకుండానే పుండు మళ్ళీ మళ్ళీ లేచి రక్తం కారుతుంటే, ఇక కోయడమే. పెద్ద దవాఖానలో సర్జను సగం కడుపు తీసేయాలని చెప్పి ఆపరేషన్‌కు రోజు కూడా పెట్టాడు. సత్తయ్య కిందికీ మీదికీ తిరుగుతూ కనపడినవాళ్ళందరినీ ఒకటే అడిగేవాడు. నన్నూ అడిగాడు.

"సగం కడుపుతోని డబల్ డ్యూటీ ఎట్ల జెయ్యాలె అక్కా?"

పని చేసేచోట జవాబు లేనప్పుడు ధైర్యం చెప్పకండి. ఊరుకోండి.

గోడ కాదు

క్యాన్సర్ కాదని చెప్పాక మేడం ఆ స్లైడు పక్కన పెట్టేయవచ్చు. పెట్టలేదు. సూక్ష్మజీవిని చూపించే ఇంకో రంగు వేసి ఇవ్వమంది. వేసి ఇచ్చాను. వెతికింది, ఎక్కడా లేదు. అయినా వదల్లేదు. రెండు తలల మైక్రోస్కోపు మీద ఒకపక్క తను కూర్చుని, ఇంకోపక్క నన్ను కూర్చోమంది.

కడుపు లోపొర కణాలు ఒకే వరుసలో భుజం భుజం కలిపి నిలబడి ఉంటాయి. తలల మీద జిగురు కప్పుకుని ఉంటాయి. ఆ జిగురే కడుపులోని ఆమ్లం నుంచి కడుపును కాపాడుతుంది. అన్నేళ్ళూ నేను ఆ వరుసను గోడ అనుకున్నాను. రోగంతో కొట్లాడేవి రక్తంలోని తెల్లకణాలు, గోడకేం పని అనుకున్నాను. ఆ మాటే అన్నాను.

"గోడ కాదు యాదమ్మ గారూ," అంది మేడం. "ముందు గుర్తుపట్టేదీ ఇవే, ముందు కేక వేసేదీ ఇవే."

తర్వాత విడమరిచి చెప్పింది. పైలోరీ పై జిగురులోనే కాపురం ఉంటుంది. లోపలికి దాదాపు రాదు. కానీ దానిలో చెడ్డరకం లోపొర కణానికి అంటుకుని, సూదిలాంటిదాన్ని గుచ్చి, తన సరుకును కణంలోకి ఎక్కిస్తుంది. ఇది మనది కాదని పసిగట్టే ఏర్పాటు కణంలో ఉంది. పసిగట్టగానే కణం కొన్ని రసాయనాలు వదులుతుంది. కేక అంటే అదే. కింద రక్తనాళాల్లో పోతున్న తెల్లకణాలకు అది అందుతుంది. వాటిలో తొందరగా పరుగెత్తేవి న్యూట్రోఫిల్స్. అవి నాళం గోడ సందుల్లోంచి బయటికి వచ్చి, పైకి ఎక్కి, లోపొర కణాల మధ్య దూరుతాయి. లోపొర కణాలు కేక వేసి ఊరుకోవు. సూక్ష్మజీవులను చంపే చిన్న ప్రోటీన్లు సొంతంగా తయారుచేస్తాయి. కొన్నయితే శత్రువు ముక్కలను తమ ఒంటి మీద పట్టుకుని, లింఫోసైట్లనే ఇంకో రకం తెల్లకణాలకు చూపిస్తాయి. తప్పిపోయినవాడి ఫోటో పట్టుకుని వచ్చేపోయేవాళ్ళను అడిగినట్టు.

మరి ఇంత సైన్యం వస్తే ఆ పురుగు చావదా అని అడిగాను. చాలావరకు చావదట. వచ్చినవాళ్ళు విషం చల్లుతారు, పురుగు పైన జిగురులో దాక్కుంటుంది. ఆ విషం తగిలేది పిలిచిన కణాలకే. పుండులో పురుగు చేసిన పాపం కొంత, కాపాడడానికి వచ్చినవాళ్ళ పుణ్యం కొంత.

అంతకుముందు వారమే మా సందులో రాళ్ళు పడుతున్నాయని గాజుల షాపాయన పోలీసులకు ఫోన్ చేశాడు. వాళ్ళు వచ్చేసరికి రాళ్ళు వేసినవాళ్ళు వెనకసందులోంచి పారిపోయారు. బాష్పవాయువు గుండు వచ్చి గాజుల షాపులోనే పడింది. అది గుర్తుచేశాను. మేడం కళ్ళు మైక్రోస్కోపు మీద నుంచి తీయకుండా, అచ్చం అదే అంది. ఆ తర్వాత ఆమె ఏ కాలేజీలో పాఠం చెప్పినా గాజుల షాపు చెప్పేదట. నా పేరు చెప్పిందని ఎవరూ చెప్పలేదు. డాక్టర్లతో అదొకటి.

సత్తయ్య స్లైడులో ఆ న్యూట్రోఫిల్స్ లోపొర కణాల మధ్య దూరి ఉన్నాయి. ముక్క నిలబడి ఉంది కాబట్టి స్పష్టంగా కనపడ్డాయి.

"ఇవి ఊరికే షికారు రావు," అంది. "పిలిచినవాళ్ళున్నారు, వచ్చినవాళ్ళున్నారు. ఎవడి మీద పిలిచారో వాడొక్కడే కనపడట్లేదు."

పెద్ద సారును పైకి రమ్మంటే ఆయన ఎప్పుడూ రాలేదు. మేడమే కిందికి దిగింది. నేను స్లైడు పట్టుకుని వెనక నడిచాను. పరీక్ష జిగురు రంగు మారలేదు గదా, స్లైడులో కూడా లేదు గదా, కనపడనిదాన్ని ఉన్నదని రాయమంటరా అని ఆయన అడిగారు. నొప్పుల గోలీలు మింగి ఉంటాడన్నారు. నొప్పుల గోలీలు లోపొరను ఒరుస్తాయి గానీ ఇంత మందిని పిలిపించవని మేడం అంది. గొంతులు పెరిగాయి. రాష్ట్రం మాట ఎవరూ ఎత్తలేదు. కానీ ఆయన "మా సత్తయ్య" అన్నారు, ఆమె "మీ సత్తయ్య" అంది. గదిలో ఉన్నవాళ్ళందరికీ అర్థమైంది.

టెంటులో గోలీలు

సర్జను స్లైడ్లు తెచ్చి చూపమంటే అంజమ్మ తీసుకుపోవడానికి వచ్చింది. ఆపరేషన్ దగ్గరికి వచ్చేసింది. మేడం స్లైడ్లు చేతికి ఇవ్వకుండా ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, ఎండోస్కోపీకి ముందు సత్తయ్య ఏమేం మింగాడో చెప్పమంది. అంజమ్మ ఖచ్చితంగా చెప్పింది. పెద్ద సారు రాసిన తెల్ల గోలి పరీక్షకు రెండు వారాల ముందు ఆపమన్నారు, ఆపాడు. మిగిలిన గోలీల పట్టీ తనే దాచిపెట్టింది.

ఆ ఆపమనడం ఊరికే కాదు. కడుపులో ఆమ్లం తగ్గించే మందు వేసుకుంటే పైలోరీ పల్చబడుతుంది, మిగిలినది కడుపు కింది భాగం వదిలి పై భాగానికి జరుగుతుంది. పెద్ద సారు ముక్క గిల్లింది కింది భాగంలోనే. అందుకే మేడం మళ్ళీ మళ్ళీ అడిగింది, ఇంకేమీ మింగలేదు కదా అని. అంజమ్మ విసుక్కుంది.

"మందులేం మింగలే మేడం. టెంట్ల ఇచ్చే గ్యాస్ గోలి ఒక్కటే. అది మందెట్లయితది?"

ఎవరు ఇస్తారని మేడం అడిగింది.

"దీక్షకు కూసునేటోళ్ళకు పొద్దుగాల ఒక్కొక్కటి పంచుతరు. ఉత్త కడుపుల మంట లేవకుండ. మీ పెద్ద సారే పంపిండు గద, డబ్బాలకు డబ్బాలు."

మేడం నావైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను. ఎల్‌బీ నగర్‌లో రిలే నిరాహార దీక్ష జరుగుతున్న టెంటుకు పెద్ద సారు మంచినీళ్ళ సీసాలతోపాటు కంపెనీవాళ్ళు ఇచ్చిన శాంపిలు గోలీలు కూడా పంపించారన్నమాట. తెల్ల గోలిలోని మందే, పట్టీ రంగు వేరు. సత్తయ్యకు ఒక చేత్తో ఆపమని రాసి, ఇంకో చేత్తో తనే పంచిపెట్టారు.

కిందికి పోయి చెబితే ఆయన మొదట నమ్మలేదు. అంజమ్మ నడుముకు దోపిన సంచిలోంచి టెంటులో ఇచ్చిన గోలి పట్టీ తీసి బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"నేను పంపింది దీక్షకు," అన్నారు చివరికి. "టెస్టుకు గాదు."

సత్తయ్యను పిలిపించి ఎందుకు చెప్పలేదని అడిగాను. బొంకుతాడేమో అనుకున్నాను. తల ఎత్తి సూటిగా చెప్పాడు.

"దీక్షల కూసొని గోలి మింగుతుండ్రని ఆంధ్రా మేడంకు ఎట్ల జెప్పాలె అక్కా? తెలంగాణ ఇజ్జత్ ఏం గావాలె?"

సగం కడుపు కోసుకోవడానికి సిద్ధపడ్డాడు గానీ టెంటు పరువు తీయడానికి సిద్ధపడలేదు. ఇది చదివి నవ్వే పిల్లలకు ఒక మాట. పేషెంటు దాచిపెట్టేది ఎప్పుడూ రోగాన్ని కాదు. పరువును. ఏ ప్రశ్న అడిగితే పరువు పోతుందో తెలుసుకుని, ఆ ప్రశ్నను పరువు పోకుండా అడగాలి. మేడం అంతకుముందు అతన్ని మందులేమైనా వేసుకుంటున్నారా అని కాగితం మీద ఉన్నట్టే అడిగింది. ఎంత మంచి డాక్టరైనా ఆ ప్రశ్నకు ఆ జవాబే వస్తుంది.

పై భాగం

గోలి ఆపి రెండు వారాలు ఆగితే పుండు మళ్ళీ రక్తం కక్కవచ్చు, ఆపరేషన్ రోజూ దాటిపోతుంది. ఆగకుండా కడుపు పై భాగం నుంచి ముక్కలు గిల్లి పంపమని మేడం అడిగింది. పెద్ద సారు ఈసారి వాదించలేదు. మర్నాడే రమ్మన్నారు.

మర్నాడు బంద్. బస్సులు ఆపిన సంఘంలో సత్తయ్య ముందువరసలో ఉండేవాడు, కాబట్టి అతనికే బస్సు లేదు. తుర్కయంజాల్ నుంచి కొంతదూరం నడిచి, కొంతదూరం పాలబండి ఎక్కి, ఎల్‌బీ నగర్ దగ్గర తన టెంటువాళ్ళే ఆపితే వాళ్ళకు ఏదో చెప్పి, పరగడుపున చెమటలు కక్కుతూ వచ్చాడు. మేడం కారు టీజీ స్టిక్కరుతో క్షేమంగా వచ్చింది.

ముక్కలు నా చేతికి వచ్చాయి. పని ఎప్పటిలాగే చేశాను. అంతకుమించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. తొందర ఉన్నప్పుడు ఎప్పటిలాగే చేయడమే కష్టం. రంగు వేసిన స్లైడు ఇచ్చాక మేడం దాన్ని ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వెతికింది. తర్వాత ఇంకో తల దగ్గరికి నన్ను రమ్మంది. లోపొర వరుస మీద, జిగురులో, నీలంగా, కామాల్లాగా వంగి, అక్కడక్కడ నాలుగు. కేకలు వేసింది కింది భాగంలో, పురుగు పారిపోయి దాక్కున్నది పై భాగంలో.

పెద్ద సారు ఆ రోజు మొదటిసారి ల్యాబు మెట్లెక్కారు. చూసి, ఉన్నాయి అన్నారు. తప్పయిందని అనలేదు. సర్జనుకు ఆపరేషన్ వద్దని తన చేత్తోనే రాశారు. పెద్దవాళ్ళ దగ్గర తప్పయింది అనే మాట కోసం ఎదురుచూడకండి. వాళ్ళు మెట్లెక్కితే చాలు. మరుసటి వారం నుంచి ఎండోస్కోపీకి వచ్చిన ప్రతివాళ్ళనూ ఆయన అడిగే మొదటి ప్రశ్న మారిపోయింది. మందుల సంగతి తర్వాత, ముందు ఏ టెంట్ల కూసున్నవో చెప్పు అనేవారు.

కడుపు నిండా

పైలోరీకి ఇచ్చే గోలీలు తిండి తిని వేసుకోవాలి. నిరాహార దీక్షలో అది కుదరదు. సత్తయ్య టెంటు మానేయలేదు. దీక్ష మాని, సంఘీభావం తెలిపేవాళ్ళ పక్క కూర్చున్నాడు. మధ్యాహ్నం అంజమ్మ వేడివేడి జొన్నరొట్టెలు తెచ్చి పెట్టేది. పక్కన పొద్దుటి నుంచి ఏమీ తిననివాళ్ళు ఆ వాసన తట్టుకోలేక కమిటీకి ఫిర్యాదు చేశారు. కమిటీ చర్చించి అతన్ని టెంటు చివర, గాలి బయటికి పోయే వైపు కూర్చోబెట్టింది. గోలీలు ఒక్కటి తప్పకుండా మింగాడు. పుండు మానింది. మళ్ళీ లేవలేదు.

కొన్ని నెలల తర్వాత పెద్ద సారు ఇంకోసారి గొట్టం వేసి ముక్కలు పంపారు. ఈసారి కింద నుంచీ పై నుంచీ పంపారు. సత్తయ్య, అంజమ్మ పైకి వచ్చి ల్యాబు గుమ్మంలోనే నిలబడ్డారు. రిపోర్టు చేతికి వచ్చేదాకా కూర్చోమన్నా కూర్చోలేదు. మేడం చూస్తూ ఒక్కొక్కటే చెప్పింది. సూక్ష్మజీవి లేదు. కణాల మధ్య దూరిన న్యూట్రోఫిల్స్ లేవు. వరుస మళ్ళీ సర్దుకుంది. అంజమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. లింఫోసైట్లు మాత్రం కింద ఇంకా గుంపుగా ఉన్నాయని మేడం అంది.

సత్తయ్య ముఖం వాడిపోయింది. పురుగు పోయింది గదా, దాని మీదికి వచ్చినవాళ్ళు ఇంకా ఎందుకున్నారని అడిగాడు.

"పిలిచినంత తొందరగా పంపలేం సత్తయ్య గారూ," అంది మేడం. "నెలలు పడుతుంది. ఒక్కోసారి ఏళ్ళు. వాటివల్ల ఇప్పుడు మీకేం ఇబ్బంది లేదు."

సత్తయ్య అరచెయ్యి కడుపు మీద వేసుకున్నాడు.

"అయితె ఉండనియ్యిండ్రి మేడం," అన్నాడు. "ఊకె కూసునేటోళ్ళతోని నాకేం పంచాయితి లేదు. కడుపైతె మొత్తం నాకాడనే ఉన్నది."